హాల్బెక్కమ్మ

పోయిన నెల వెంగమ్మత్త పెద్దకర్మకు చిట్టమూరు వెళ్లాను. భోజనాలైనాక ఆమె కొడుకు నన్ను పక్కకు పిలిచి, "వదినా, ఫొటో కింద అమ్మ పేరు వేయించాల. ఇంటిపేరుతో వేయించేదా, ఒట్టి పేరు చాలా? నాయన ఇంటిపేరు లేకపోతే మనోళ్లు ఏమంటారో! అమ్మేమో ఏ రోజూ సంతకంలో ఇంటిపేరు రాయలా" అని అడిగాడు. ఒట్టి వెంగమ్మ అనే వేయించు నాయనా అన్నాను. పక్కన కూర్చున్న ముసలాయన ఒకరు నా వైపు వింతగా చూశారు. ఆయనకు తెలియదు, మా అత్తకు మూడు ఇంటిపేర్లుండేవని. పుట్టినింటిది ఒకటి, ఏడాదైనా నిండని మొదటి కాపురంలో వచ్చింది ఒకటి, చివరిదాకా ఉన్నది ఒకటి. ఇంటిపేరంటే ఆమెకు నమ్మకం పోవడానికి కారణం ముగ్గురు అమెరికా రచయితలు అని చెబితే ఆ పెద్దాయన నన్ను ఇంకా వింతగా చూసేవారు. తిరుగు ప్రయాణంలో నాయుడుపేట దాటేదాకా ఆ రోజులే తలుచుకుంటూ కూర్చున్నాను.

మా ఊరు విడవలూరుకు తూర్పున, సముద్రానికి నడిచి పోగలిగినంత దూరంలో ఉండేది. మధ్యలో సరుగుడు తోపులు, ఉప్పుకాలవ. అమ్మ పోయినాక, గూడూరు రైల్వేలో పనిచేసే మా నాయన నన్ను తాత దగ్గర, అవ్వ దగ్గర దించి, "కొన్నాళ్లు ఉండు పాపా, వచ్చి తీసకపోతా" అని వెళ్లాడు. కొన్నాళ్లకు ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ కొన్నాళ్లు నాకు పెళ్లయ్యేదాకా సాగాయి. ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరూ ఒక్క మాట అడగనూ లేదు. తెల్లవారకముందే అవ్వ లేచి వాకిట పేడనీళ్లు చల్లేది. దొడ్లో పెద్ద గంగాళంలో వడ్లు ఉడికేవి. ఆ ఉడుకు వాసన, పొయ్యిలో ఊక కాలే వాసన, తూర్పు నుంచి వచ్చే ఉప్పుగాలి కలిసి ఇల్లంతా నిండేవి. ఆ గాలికి ఆరేసిన బట్టలు ఎప్పుడూ పూర్తిగా ఆరేవి కావు, తలుపు గొళ్లేలు తుప్పు రాలుస్తుండేవి. పొద్దెక్కినాక బెస్తవాళ్ల పట్టపుపాలెం నుంచి చేపల గంప వచ్చేది. అవ్వ గడప లోపలే నిలబడి బేరం చేసేది. మనుషులతో ఆమె మాట్లాడేది ఆ కాస్తే. మిగిలిన మాటలన్నీ కోళ్లతోనే. తాత సాయంత్రమైతే కాలవ గట్టుకు పోయి, మద్రాసుకు కట్టెలు తీసుకుపోయే పడవలు చూసి వచ్చి, "ఈ పొద్దు గాలి మళ్లింది" అనో, "మళ్లలా" అనో చెప్పి అన్నానికి కూర్చునేవాడు. బళ్లో అమెరికా పాలపొడి కలిపి వెచ్చగా గ్లాసుల్లో పోసేవాళ్లు. దాని వాసన నాకు వికారం. అయినా తాగేదాన్ని. తాగకపోతే ఎందుకు తాగలేదని అడిగేవాళ్లుంటే బాగుండునని అప్పుడప్పుడు అనిపించేది.

వెంగమ్మత్త మా నాయనకు చెల్లెలు. పెళ్లయిన ఏడాదిలోనే మొగుణ్ణి కలరా తీసుకుపోయింది. అత్తగారింటి వాళ్లు ఆమెను బండెక్కించి పంపేశారు. అప్పుడు తాత, జీవితంలో మొదటిసారి అవ్వ మాట కాదని, ఆమెను నెల్లూరులో హాస్టల్లో పెట్టి చదివించాడు. ఎస్సెస్సెల్సీ అయింది. టీచరు ట్రైనింగుకు పోతానంటే అవ్వ, "చదివింది చాల్లే, ఊళ్లో తలెత్తుకోలేకుండా ఉండాం" అన్నది. అంతటితో ఆగిపోయింది. నేను వచ్చేసరికి ఆమె వడ్ల గది పక్కన చిన్న గదిలో ఉండేది. బొట్టు లేదు, గాజులు లేవు. అందరూ తిన్నాక తినేది. పప్పులు చెరగడం, దీపపు చిమ్నీలు తుడవడం, ఉడికిన వడ్లు ఎండలో పరిచి కాళ్లతో కలియదిప్పి నేర్పడం ఆమె పనులు. పనంతా అయినాక, మధ్యాహ్నం వెనక వసారాలో చాప వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు పుస్తకం తెరిచేది. ఒక పేజీ లోపల్లోపల చదువుకునేది. తర్వాత ఆ పేజీని నాకు మన మాటల్లో చెప్పేది.

పుస్తకాలు తెచ్చేది కోదండం మాస్టరు. ఆయన అల్లూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. స్వస్థలం చిట్టమూరు. భార్య కాన్పులో పోయి చాలా కాలమైంది. నెలకొకసారి నెల్లూరు లైబ్రరీకి పోయి, వస్తూ వస్తూ తాతకు పాత పేపర్లు, అత్తకు పుస్తకాలు సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవారు. అమెరికా పుస్తకాలు మన లైబ్రరీలకు విరివిగా వస్తున్న రోజులవి. లైబ్రరీలో బైండు చేసేవాళ్లు అసలు అట్టలు పీకేసి, మందపాటి అట్ట వేసి, వీపు మీద ఇంటిపేరు మాత్రం సిరాతో రాసేవాళ్లు. మా ఇంటికి మొదట వచ్చిన పుస్తకం మీద 'హాల్బెక్' అని ఉంది. మంచు పడే దేశంలో, మనిషి అలికిడి లేని పొలం మధ్య, మొగుడు పోయిన ఒక ఆడమనిషి చలికాలమంతా ఒంటరిగా గడిపే కథ అది. మంచంటే ఏందత్తా అంటే, "ఉప్పు మళ్లు చూసినావు గదా, అట్ట ఊరంతా తెల్లంగా ఉంటది. కానీ ముట్టుకుంటే చెయ్యి కొంకర్లు పోతది" అని చెప్పింది. ఇప్పటికీ మంచు అనగానే నాకు మా ఊరి ఉప్పుమళ్లే కనిపిస్తాయి.

అత్తకు ఆ పుస్తకం ప్రాణమైపోయింది. ఇదే పేరుగలామె పుస్తకాలు ఇంకేమన్నా ఉంటే తెమ్మని మాస్టరుకు చెప్పింది. ఆయన మరోసారి ఒకటి తెచ్చారు. అది ఓడ ప్రయాణాల పుస్తకం. తుపానులు, తెలియని రేవులు, తెరచాప చిరిగిపోవడం. ఇంకోసారి తెచ్చింది కోళ్ల పెంపకం మీద. మూడింటి మీదా హాల్బెక్ అనే ఉంది. లోపలి పేజీలో మాత్రం ఒకదానికి 'ఇ', ఒకదానికి 'ఇ. జె.', ఒకదానికి 'జె' అని ముందు అక్షరాలు. అత్త వాటిని చాలాసేపు చూసి తేల్చేసింది. "ముందర ఆమె పేరు ఒక్కటే ఉండింది. తర్వాత మొగుడి పేరు కలిపింది. ముసిలితనంలో తన పేరు తీసేసి ఆయన పేరే పెట్టుకునింది పాపం." నాకు సందేహమేమీ రాలేదు. ఒకే ఇంటిపేరున్నవాళ్లు ఒకే ఇంటివాళ్లు కాకుండా ఎలా ఉంటారు? మా ఊళ్లో ఒకే ఇంటిపేరంటే దాయాదులు. ఒకరింట్లో పురుడొస్తే ఇంకొకరింట్లో మైల.

అలా మూడు పుస్తకాలూ కలిసి ఒక మనిషయ్యాయి. అత్త ఆమెకు హాల్బెక్కమ్మ అని పేరు పెట్టింది. హాల్బెక్కమ్మ పొలం మధ్య పుట్టింది. మొగుడు పోయాడు. ఒక చలికాలమంతా ఏడ్చింది. వసంతం రాగానే ఇంటికి తాళం వేసి, రేవుకు పోయి ఓడెక్కింది. లోకమంతా చూసింది. వయసు మళ్లినాక ఎక్కడో చిన్న ఇల్లు కట్టుకుని కోళ్లు పెంచుకుంటూ హాయిగా బతికింది. పుస్తకాల్లో లేనివి కూడా అత్త చేర్చేది. ఓడలో ఆమెకు తోడు ఎవరు, రేవులో దిగినప్పుడు ఏ రంగు గుడ్డలు కట్టుకుంది, నలుగురూ ఏమన్నారు, ఆమె ఏమని బదులిచ్చింది. కోళ్ల పుస్తకం చూసి అత్త ఒకసారి అవ్వ కోళ్లకు గవ్వల పొడి పెట్టింది. గుడ్డు పెంకు గట్టిపడింది. "ఎవురు చెప్పినారే?" అంటే, "హాల్బెక్కమ్మ" అన్నది. అవ్వ, "ఎవురో ఆ ఆల్బెక్కమ్మ, మారాజులా ఉండాల" అని నవ్వింది. ఆ ఇంట్లో నేను విన్న నవ్వుల్లో అదొకటి. మాస్టరు కూడా నమ్మారు. అత్త గడప లోపల, ఆయన పంచలో సైకిలు పట్టుకుని నిలబడి, ఆమె గురించే మాట్లాడుకునేవాళ్లు. "శానా ధైర్యం గల మనిషండీ" అనేవారాయన.

ఒక ఆదివారం మాస్టరు పుస్తకాలు లేకుండా వచ్చారు. తాత ఎదుట కూర్చోకుండా నిలబడే, "పెద్దాయనా, ఒక మాట అడిగేదానికి వచ్చినాను. కాదంటే మళ్లీ ఈ పంచ ఎక్కను. వెంగమ్మగారిని నాకిచ్చి పెళ్లి చేస్తారా?" అన్నారు. లోపల అవ్వ చేతిలోని గరిటె నేల మీద పడింది. "నా ఇంట్లో ఆ మాట వినపడకూడదు" అని ఒక్క అరుపు అరిచి, ఆ పైన అందరితో మాట మానేసింది. మాస్టరు మా కులం వారే, ఇంటిపేరు వేరు. అభ్యంతరానికి మిగిలింది ఒకటే, మొగుడు పోయినామెకు మళ్లీ పెళ్లి. ఆ సాయంత్రం తాత కాలవ గట్టు నుంచి వచ్చి, గాలి సంగతి చెప్పకుండా, "ఏమ్మా వెంగమ్మా, నీ మనసులో ఏముండాదో చెప్పు. అదే చేద్దాం" అన్నాడు. "కొన్నాళ్లు ఆగు నాయనా" అన్నది అత్త. మరుసటి మధ్యాహ్నం ఓడ పుస్తకం ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగింది.

"అమ్మణ్ణీ, ఓడెక్కేముందర హాల్బెక్కమ్మకి బయమేసుండదా?"

"బయమేసిందని పుస్తకంలో ఉందా అత్తా?"

"లేదు. అయినా ఏసుంటది. ఏసినా ఎక్కింది గదా."

నాకు అప్పుడే అర్థమైంది, అత్త కూడా ఎక్కబోతోందని. అత్త ఓడెక్కితే నేను రేవులో ఉండిపోతాను.

వానలు మొదలైన రోజుల్లో మాస్టరు మళ్లీ వచ్చారు. పంచ ఎక్కలేదు. చూరు కింద తడుస్తూ నిలబడి, చొక్కా లోపలి నుంచి ఒక పుస్తకం తీసి నా చేత అత్తకు ఇప్పించారు. కొత్త పుస్తకం, అట్ట పైన రంగుల కాగితం అలాగే ఉంది. "వెనకపక్క చూడండి. ముందుమాట కూడా చదవండి" అన్నారు. వెనక ఒక ఫొటో. గడ్డం, టోపీ, వెనక ఓడ తెరచాప కొయ్య. కింద ఇ. జె. హాల్బెక్ అని పేరు.

"ఎవరత్తా ఈ గడ్డపాయన?"

అత్త ముందుమాట రెండోసారి చదువుతూ ఉంది. చదవడం అయినాక అన్నది, "ఓడెక్కింది ఈయన అమ్మణ్ణీ."

ఆ ముందుమాటలో అంతా ఉంది. ఈయన పసితనం నుంచీ నావికుడు. ఈయనను నవలలు రాసిన ఎడిత్ హాల్బెక్‌తో జనం కలిపేస్తుంటారట. ఆమె ఈయనకు ఏమీ కాదు. పుట్టిన ఇంట్లోనే పెరిగి ఆ ఇంట్లోనే పోయింది. సముద్రం ఎలా ఉంటుందో చూడలేదు. కోళ్ల పుస్తకం రాసిన జోసెఫ్ ఎవరో వ్యవసాయం బడిలో పంతులు, అతనూ వీళ్లకు ఏమీ కాడు.

"ఒకే ఇంటిపేరుండి ఏమీ కాకుండా ఎట్టుంటారు మాస్టరుగారూ?" అన్నది అత్త.

"వాళ్ల దేశంలో అట్ట ఉంటారంటండీ. ఇంటిపేరుకీ గోత్రానికీ ముడి లేదంట."

"మొగుడు పోయినామె అనుకున్నానే. పెళ్లే కాలేదంట గదా."

"కాలేదంట."

అత్త తలెత్తి, నాకు తెలిసి మొదటిసారి, నేరుగా ఆయన ముఖంలోకి చూసింది. "ఇది నాకు చూపించకుండా ఉండొచ్చు గదా మీరు? ఆమెని చూసుకుని నేను ధైర్యం తెచ్చుకుంటా ఉండానని మీకు తెలుసు."

"తెలుసు. దాచేద్దామని నెల్లూరు బస్సులో అనుకున్నాను కూడా" అన్నారాయన. "దాచి మిమ్మల్ని ఇంటికి తీసకపోతే, రేపు ఎప్పుడన్నా మీకే తెలిస్తే? ఆ రోజు మీ మొహం ఎట్ట చూసేది?"

సైకిలు నడిపించుకుంటూ వానలోనే వెళ్లిపోయారు. అత్త ఆ పుస్తకాన్ని చాప కింద పెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు మధ్యాహ్నాలు కథ లేదు. వసారాలో చాప వేసుకుని, తడిసిన దొడ్డి వైపు చూస్తూ కూర్చునేది. ఇంట్లో ఎవరో పోయినట్టుండేది. పోయింది ఎవరో మా ఇద్దరికే తెలుసు. సంగతి తెలియని అవ్వ, పెళ్లి మాట మరుగున పడిందనుకుని మళ్లీ కోళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది.

వానలు తెరిపిచ్చిన రోజు దొడ్లో వడ్లు ఆరబోశాం. అత్త కాళ్లతో వడ్లు నేర్పుతూ వెనక్కి తిరగకుండానే అన్నది. "మొగుడు పోయినామె గుండెకాయలో ఏముంటదో, మొగుడే లేని మనిషి అంత బాగా రాసింది చూడు. ఓడెక్కిన ఆడమనిషి మాత్రం ఎవురూ లేదు అమ్మణ్ణీ. నేనే చేసినాను ఆమెని. నాకు ముందర ఎవురూ పోలా." కొంచెం దూరం నడిచి మళ్లీ అన్నది, "సరే. పోకపోతే పోకపోయినారు." కాళ్లు కడుక్కుని తాత దగ్గరకు వెళ్లింది.

పెళ్లి నెల్లూరులో రిజిస్టరు ఆఫీసులో జరిగింది. ఇంటి నుంచి తాత ఒక్కడే వెళ్లాడు. బయల్దేరేముందు అత్త వంటింటి తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, పోయొస్తా" అన్నది. తలుపు తెరుచుకోలేదు. మాస్టరు తన ఊరి వైపు బదిలీ చేయించుకున్నారు. పెళ్లికి ముందే అత్త నన్ను తనతో పంపమని తాతను అడిగింది. తాత నాయనకు కబురు పెట్టాడు. అంతకాలంగా రాని నాయన మరుసటి రోజే వచ్చాడు. "ఆ ఇంట్లో పెరిగిందంటే రేపు దీన్ని ఎవురు చేసుకుంటారు?" అన్నాడు. నన్ను తన దగ్గర ఉంచుకోలేని మనిషి, నన్ను ఇంకొకరి దగ్గరకు పంపకుండా ఆపడానికి మాత్రం రాగలిగాడు. అత్త నా తల నిమిరి, జడ చివర ఊడిన ముడి మళ్లీ వేసి, విడవలూరులో బస్సెక్కింది. పుస్తకాలు తిరిగి లైబ్రరీకి పోయాయి. మధ్యాహ్నాలు మిగిలాయి. వసారాలో చాప పరుచుకుని కూర్చునేదాన్ని. వడ్ల గదిలో ఎలుకలు తిరిగే చప్పుడు, సరుగుడు తోపుల్లో గాలి హోరు. ఆ హోరు సముద్రానిదో చెట్లదో తెలిసేది కాదు. నాతో మాట్లాడే మనిషి లేకపోతే నేనే లోపల మాట్లాడుకోవడం ఆ వసారాలోనే అలవాటైంది. తర్వాత నేను రచయిత్రినయ్యానని ఎవరైనా మెచ్చుకుంటే, అది ఎక్కడ మొదలైందో చెప్పాలనిపించదు.

స్కూలు ఫైనలు అయినాక, తాత సాయంతో ఒకసారి చిట్టమూరు వెళ్లి అత్తను చూశాను. ఆమె ప్రాథమిక పాఠశాలలో టీచరైంది. ఎర్రంచు చీర కట్టుకుని, నడిచే పిల్లవాణ్ణి వేలు పట్టుకుని ఎదురొచ్చింది. పెద్దగా నవ్వింది. ఆమె అంత పెద్దగా నవ్వగలదని నాకు తెలియదు. అన్నం పెట్టింది, పిల్లవాడి అల్లరి చెప్పింది, బడి సంగతులు చెప్పింది. హాల్బెక్కమ్మ గుర్తుందా అత్తా అన్నాను. "ఎవురు?" అన్నది. తర్వాత గుర్తొచ్చి, "అబ్బ, ఎంత పిచ్చిగా చదివేవాళ్లం అమ్మణ్ణీ! ఇప్పుడు నాకు తీరికేడుండాది?" అన్నది. ఆమె సుఖంగా ఉంది. నేను కోరుకోవలసింది అదే. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మా ఊళ్లో వడ్లు ఉడికే వాసన లేదు. పొలాలన్నీ రొయ్యల గుంటలు. వాటిలో తిరిగే చక్రాల చప్పుడుకు సముద్రం వినపడదు. కాలవ పూడిపోయింది. మొన్న ఇంటికొచ్చి మనవరాలికి ఈ కథ చెబితే, ఫోన్లో ఏదో నొక్కి నిమిషంలో ముగ్గురు హాల్బెక్‌లనూ వరసగా నా ముందు పెట్టింది. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఏమేం రాశారో, ఎవరికి ఎవరూ ఏమీ కారనీ అంతా ఉంది. ఎడిత్ ఫొటో కూడా ఉంది. సన్నటి మనిషి, వరండాలో కుర్చీలో కూర్చుని ఎటో చూస్తోంది. "ఇంత చిన్న విషయం తెలీక అంత గొడవైందా అవ్వా?" అన్నది నా మనవరాలు. ఇప్పుడు ఎవరూ అలా పొరబడరు. మంచిదే. కానీ అన్నేళ్ల మధ్యాహ్నాల్లో నాకున్న తోడు ఆ పొరపాటు ఒక్కటే.

అత్త వెళ్లిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో జరిగింది ఒకటి చెప్పాలి. అవ్వ కూతురి పేరు ఎత్తేది కాదు. ఒక మధ్యాహ్నం వసారాలోకి వచ్చి, నా పక్కన కూర్చుని, చింతపండు గింజలు తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి, "ఆ మంచు దేశంలో ఒంటరిగా ఉండే ఆమె ఏమైంది చివరికి?" అని అడిగింది. అన్నాళ్లూ వంటింట్లో ఉండి ఆమె కూడా వింటూనే ఉంది. పుస్తకం చివరిదాకా అత్త నాకు చెప్పలేదు. మంచు కరిగిందవ్వా, గొడ్లను బయటికి తోలింది అన్నాను.

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

అవ్వ కొన్ని గింజలు తీసింది. "ఆమెకి అమ్మ లేదా?"

అత్త చెప్పినంతలో తల్లి ఊసే లేదు. "ఉంది. దూరంగా ఉంది" అన్నాను.

"మరి చూసేదానికి పోలేదా?"

"ఇంకా పోలేదవ్వా."

అవ్వ చింతపండు జాడీలోకి ఎత్తుకుని లేచి లోపలికి వెళ్లింది. ఆ ఏడాది చివర్లో, అత్త నీళ్లాడి మగబిడ్డను కన్నదని కబురొచ్చిన రోజు, అవ్వ జన్మలో మొదటిసారి ఒంటరిగా బస్సెక్కింది. ఎక్కడికని ఎవరికీ చెప్పలేదు. తాత అడగలేదు. నన్ను తీసుకుపోలేదు. రెండు రోజుల తర్వాత వచ్చి, కాళ్లు కడుక్కుని, ఏమీ జరగనట్టు కోళ్లకు గింజలు చల్లింది. ఆ సాయంత్రం నేను ఆమె పక్కన కూర్చున్నప్పుడు, ఆమె చీరకొంగు నుంచి ఆముదం, సాంబ్రాణి, పసిబిడ్డ వాసన వస్తోంది. నేను ఏమీ అడగలేదు. ఆమె లేవకుండా ఉంటే చాలునని, ఆ కొంగు పక్కనే చీకటి పడేదాకా కూర్చున్నాను.